స్థాలీపులాక న్యాయం చాలునా?

స్థాలి అంటే అన్నం వండే పాత్ర. పులాకం అంటే మెతుకు. కుండలోని అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలును, కుండ అంతా కెలకనక్కరలేదు అన్నది స్థాలీపులాక న్యాయం. ముప్పది యేండ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ న్యాయాన్ని ఎన్ని తరగతులలో చెప్పి ఉంటానో లెక్క లేదు. పిల్లలకు చప్పున అర్థమయ్యే న్యాయం ఇది. ఇంటికి పోయి అమ్మ వంట చేస్తుంటే చూడండిరా అంటే చాలును, మరునాటికి వచ్చేస్తుంది.

అయితే ఈ న్యాయం ఎందువలన నిలుస్తున్నదో ఆలోచించేవారు తక్కువ. కుండలోని బియ్యం ఒక్క రకం. నీరు ఒక్కటే. మంట ఒక్కటే. అందుచేత ఒక మెతుకు తక్కిన మెతుకులన్నింటికీ సాక్షి కాగలిగింది. ఈ మూడింటిలో ఏది తప్పినా సాక్ష్యం చెల్లదు. పెండ్లిలో పెద్ద గుండిగలో వండే వంటవాడు ఒక్క మెతుకుతో తృప్తిపడడు. అడుగున ఒకటి, నడుమ ఒకటి, అంచున ఒకటి పట్టి చూస్తాడు. గుండిగ పెద్దదైనకొలది మంట అంతటా సమంగా తగలదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మాది చెరకు సీమ. నిజాంసాగరు నీళ్ళు పారిన నేల. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది గాని, మా మాటలలో చెరకు ఇంకా పోలేదు. చెరకుగడ మొదలు తీపి, కొస చప్పన అని ఇక్కడి పసిపిల్లవానికి కూడ తెలుసు. ఒక్క గడలోనే ఇంత భేదం ఉన్నప్పుడు ఒక్క ముక్క నమిలి చేనంతటికీ తీర్పు చెప్పగలమా? రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉన్నది. కొత్త వంగడం ఒక మడిలో బాగా పండగానే దానిని రైతు చేతిలో పెట్టరు. కొన్నేండ్లు చూస్తారు. వేరు వేరు కేంద్రాలలో వేసి చూస్తారు. ఆపైన మినీకిట్ల రూపంలో రైతుల పొలాలకే ఇచ్చి చూస్తారు. మడిలో శాస్త్రజ్ఞుని కనుసన్నలలో పెరిగిన మొక్క వేరు, చౌడు తగిలిన చేలో, కాలువ చివర, నీరు అందీ అందని చోట పెరిగే మొక్క వేరు. ఈ సంగతి మా రైతులకు శాస్త్రం చదవకుండానే తెలుసు.

మొక్క విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం మనిషి విషయంలో మాత్రం ఒక్క మెతుకుతో సరిపెట్టుకొంటున్నాము. మిత్రులారా, ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చినదో మనవి చేస్తాను.

మా పెద్దక్క బోధన్‌లో ఉంటుంది. బావగారు గతించి చాల కాలమయింది. ఆమెకు ఇప్పుడు డెబ్బదియారేండ్లు. రెండేండ్లుగా మరపు. మొదట పొయ్యి మీద పాలు మరచిపోయేది, తరువాత అడిగినదే అడగడం మొదలుపెట్టింది. నేను నిజామాబాదు నుండి పోయినప్పుడల్లా "బడి నుంచి ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?" అంటుంది. నేను పదవీ విరమణ చేసి ఏండ్లు గడచినవి. "ఇప్పుడే అక్కా" అంటాను. అంతకంటె ఏమనాలో తోచదు.

ఆమె కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం. తల్లి అంటే ప్రాణం. మొన్న వేసవిలో వచ్చినప్పుడు ఒక పెట్టె నిండా మాత్రలు తెచ్చినాడు. పసుపు నుండి తీసిన సారం. దానిని కర్క్యుమిన్ అంటారు. వాని ముఖంలో వెలుగు చూచి నాకు కూడ సంతోషమే కలిగింది.

"మామా, అమెరికాల పరీక్ష చేసిండ్రు. జ్ఞాపకశక్తి ఇరవై ఎనిమిది శాతం పెరిగిందట. మన నిజామాబాద్ పసుపే గద! మనింట్ల ఉన్నది మనకే తెల్వకపాయె."

"ఎంతమందికి పెరిగింది బిడ్డా?"

"అది రాయలే మామా."

నేను అంతటితో ఊరుకొని ఉండవచ్చును. పసుపు అంటే మాకు వట్టి వంట సరుకు కాదు. నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు రాశులు పోసే రోజులలో ఆ గాలే వేరు. 2019 లోక్‌సభ ఎన్నికలలో మా నియోజకవర్గంలో 185 మంది అభ్యర్థులు నిలిస్తే, వారిలో అత్యధికులు గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం నామినేషన్ వేసిన రైతులే. ఆ బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమయింది. ఇటువంటి ఊరిలో ఉండి పసుపు మహిమను శంకించడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. కాని మాత్ర మింగేది మా అక్క. ఆమె తనకు ఏమి జరుగుతున్నదో చెప్పలేని స్థితిలో ఉన్నది. ఆమె తరఫున ఎవరో ఒకరు అడగాలి కదా!

నా వద్ద చదువుకొన్న అమ్మాయి ఒకతె ఇప్పుడు వైద్యురాలు. ఆమెనే ఆశ్రయించాను. ఓపికతో ఆ పరిశోధనా వ్యాసాలు తెప్పించి, ఒక ఆదివారం కూర్చుండబెట్టి చెప్పింది. ఒకప్పుడు నేను ఆమెకు ఛందస్సు చెప్పినాను, ఆనాడు ఆమె నాకు లెక్కలు చెప్పింది.

మా మేనల్లుడు చెప్పినది అబద్ధం కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రకటించిన పరిశోధన అది. 18 నెలలు చేసినారు. సగానికి కొంచెం ఎక్కువమందికి శరీరం బాగా గ్రహించేటట్లు తయారుచేసిన కర్క్యుమిన్, తక్కినవారికి చూడడానికి అటువంటిదే అయిన ఉత్తుత్తి మాత్ర ఇచ్చినారు. ఎవరికి ఏది అందుతున్నదో మింగేవారికి తెలియదు. మంచి పద్ధతి. జ్ఞాపకశక్తి పరీక్షలలో కర్క్యుమిన్ వారు మెరుగైన మాటా నిజమే. అయితే అందులో పాల్గొన్నవారు మొత్తం 40 మంది. వారికి ఉన్నది కూడ వయసుతో వచ్చే స్వల్పమైన మరపు మాత్రమే, మా అక్క వంటి స్థితి కాదు. ఇంతకంటె ఎక్కువమందిపై పరీక్షించవలసి ఉన్నదని ఆ పరిశోధకులే చెప్పినారు. ఆ మాట మాత్రం ఫోనులో వచ్చిన సందేశంలో లేదు.

అంతకు ముందే 2008లో హాంకాంగ్‌లో 34 మంది మీద, 2012లో లాస్ ఏంజెలెస్‌లోనే 36 మంది మీద, అల్జీమర్స్ వ్యాధి ముదిరో ముదరకో ఉన్నవారి మీదనే, కర్క్యుమిన్ ప్రయోగించి చూచినారు. గుణం కనబడలేదు. 2016లో ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్న 96 మంది వృద్ధులపై ఏడాది పాటు చూచినారు. చెప్పుకోదగిన మేలు లేదు. ఈ మూడు సంగతులు కూడ మా మేనల్లుని ఫోనులోకి రాలేదు. ఫలించిన మ్రొక్కునే పదిమందికి చెప్పుకొంటారు. ఫలించని మ్రొక్కులను ఎవరు లెక్కపెడతారు?

చిన్న గుంపులో కనబడిన మేలు పెద్ద గుంపులో ఎందుకు నిలవదు? ఈ ప్రశ్నకు జవాబు నాకు నా బడిలోనే దొరికింది. పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున మండలంలో ఏ బడి మొదట నిలిచింది అని చూచేవాళ్ళము. తరచుగా అది పన్నెండు, పదిహేను మంది పిల్లలున్న చిన్న బడి అయ్యేది. నూటికి నూరు శాతం! ఉపాధ్యాయులకు సన్మానాలు. మరునాటి యేడు అదే బడి అట్టడుగున ఉండేది. ఉపాధ్యాయులు వారే, పాఠాలు అవే. పన్నెండు మందిలో ఒక్కడు తప్పితే ఎనిమిది శాతం పడిపోతుంది. ఒక పిల్లవానికి పరీక్షనాడు జ్వరం వస్తే చాలును, బడి పేరు మారిపోతుంది. నాలుగు వందల మంది ఉన్న బడిలో ఒకనికి జ్వరం వస్తే పావు శాతం. అందుకే పెద్ద బడి పైకీ పోదు, క్రిందికీ పోదు, నడుమ ఎక్కడో నిలకడగా ఉంటుంది. చిన్న బడి గెలిచినప్పుడు అది చదువు గెలుపో, అదృష్టం గెలుపో తెలియదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒక్కసారి జరిగితే అది కాకతాళీయం. వేయి కాకులు వేయి తాళ్ళ మీద వాలినప్పుడు చూస్తే గాని కాకి బరువుకు పండు పడుతుందో లేదో తేలదు.

పసుపు విషయంలోనే అట్లా తేలిన ఉదాహరణ ఒకటి ఉన్నది. థాయిలాండ్‌లో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొన్న 121 మందిపై 2012లో ఒక పరిశోధన ప్రకటించినారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో నూటికి 30 మందికి ఆసుపత్రిలో ఉండగానే గుండెపోటు వస్తే, కర్క్యుమిన్ మింగినవారిలో నూటికి 13 మందికే వచ్చింది. ఎంత గొప్ప ఫలితం! అక్కడితో ఆగి ఉంటే నేడు ప్రతి శస్త్రచికిత్సకు ముందు పసుపు మాత్ర ఇచ్చేవారేమో. కెనడా వైద్యులు ఆగలేదు. పొత్తికడుపులోని పెద్ద ధమనికి శస్త్రచికిత్స చేయించుకొనేవారిని పది ఆసుపత్రులలో 606 మందిని తీసుకొని పరీక్షించినారు. 2018లో ఫలితం ప్రకటించినారు. మేలు లేదు. పైగా మూత్రపిండాలకు దెబ్బ తగిలినవారు ఉత్తుత్తి మాత్ర వారిలో నూటికి 10 మంది అయితే, కర్క్యుమిన్ వారిలో 17 మంది. శస్త్రచికిత్స వేరు, మాత్ర మోతాదు వేరు అని వాదించవచ్చును. అయినను 121 మందిలో కనబడిన ఆశ 606 మంది ముందు నిలువలేదన్నది నిజం.

కూరలో వేసే పసుపును గురించి కాదు నేను మాట్లాడుతున్నది. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళ వంతు. దానిని పిండి, గట్టిపరచి, గుళికలో పెట్టి ప్రతిదినం మింగించడం మరొక పని. చెరకు తీపి అయితే వేళ్ళతో సహా నమలమన్నారా?

పెద్ద సంఖ్య అన్నింటికీ మందు అనుకొంటే మళ్ళీ పొరబాటే. ఈ సంగతి చెప్పడానికి మన తెలుగు నేల మీదనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. మీ ఎడమ భుజం చూచుకొనండి. చాలమందికి అక్కడ రూపాయి బిళ్ళ కంటె చిన్న మచ్చ ఉంటుంది. క్షయకు వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చిన ఈ టీకా నిజంగా పనిచేస్తున్నదా అని తెలుసుకొనడానికి లోకం ఎంత దూరం నడిచిందో చూడండి.

1948లో ప్రకటించిన ఒక అమెరికా పరిశోధనలో టీకా వేసిన 123 మందిలో నలుగురికి, వేయని 139 మందిలో 11 మందికి క్షయ వచ్చింది. వినడానికి బాగున్నది. కాని నలుగురికి బదులు మరి నలుగురు కలిసి ఎనిమండుగురయితే కథ ఏమవుతుంది? అందుచేత బ్రిటన్‌లో 1950 నుండి బడి ముగించే వయసు పిల్లలపై పెద్ద యెత్తున చేసినారు. టీకా వేసిన 13,598 మందిలో 62 మందికి, వేయని 12,867 మందిలో 248 మందికి క్షయ. ఇక సందేహం లేదనిపించింది. టీకా రోగాన్ని నాలుగింట మూడు వంతులు ఆపుతున్నది.

అదే కాలంలో మన చిత్తూరు జిల్లా మదనపల్లిలో, ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం వైద్యులు, చుట్టుప్రక్కల జనంపై అదే పరీక్ష చేసినారు. మదనపల్లి ఇప్పుడు అన్నమయ్య పేరుతో ఏర్పడిన సీమలోనిది గాని ఆనాడు చిత్తూరు జిల్లాయే. టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి రోగం వచ్చింది. వేయింటికి ఆరున్నర, ఎనిమిది. భేదం ఉన్నదా అంటే ఉన్నది. ఉన్నదని చెప్పగలమా అంటే చెప్పలేము. లండన్ మాట మదనపల్లిలో తడబడింది.

ఈ తడబాటును తేల్చడానికి తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మరింత పెద్ద పరీక్ష మొదలుపెట్టినారు. భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసిన పని. రెండు లక్షల అరవై వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి సూది. ఏడున్నరేండ్ల లెక్క తేలేసరికి అందరూ నిర్ఘాంతపోయినారు. పోల్చి చూచిన రెండు జట్లలో, ఒక్కొక్కదానిలో సుమారు 88 వేల మంది. టీకా వేసినవారిలో రోగులు 505, వేయనివారిలో 499. పదిహేనేండ్ల తరువాతి లెక్క 1999లో వెలువడింది. పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుండి ఈ టీకా రక్షణ ఇవ్వలేదు, పిల్లలలో మాత్రం స్వల్పమైన రక్షణ ఉన్నది.

ఇక్కడ నాకు తర్కశాస్త్రం జ్ఞాపకం వచ్చింది. పండిత శిక్షణలో మాకు తర్కసంగ్రహ పరిచయం ఉండేది. దానిని రచించిన అన్నంభట్టు తెలుగువాడే. పొగకూ నిప్పుకూ ఉన్న విడరాని సంబంధాన్ని వ్యాప్తి అంటారు. వ్యాప్తి ఎట్లా తెలుస్తుంది? మళ్ళీ మళ్ళీ చూడడం వలన. దానికి భూయోదర్శనం అని పేరు. వంటింట్లో చూచినాము, కమ్మరి కొలిమి వద్ద చూచినాము, కాబట్టి కొండ మీద కూడ అంతే. అయితే నైయాయికులు అక్కడ ఆగలేదు. మట్టి నుండి పుట్టినదానిని ఇనుముతో గీయవచ్చునని నూరు చోట్ల చూచినా, వజ్రం వద్ద ఆ నియమం తప్పుతుంది. నూరుసార్లు చూచినంత మాత్రాన చాలదు, తప్పే చోటు ఉన్నదా అని వెదకాలి. తప్పినప్పుడు దాని వెనుక ఉపాధి ఏదో దాగి ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. పచ్చికట్టె తగిలితేనే పొగ. ఆ పచ్చికట్టెయే ఉపాధి.

బి.సి.జి. విషయంలో ఆ ఉపాధి ఏమిటి? మన ఉష్ణ దేశాలలో మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి దాయాదులైన క్రిములు ఎన్నో ఉంటాయి. అవి చిన్ననాటి నుండే మన శరీరాలను ఎరిగి ఉంటాయి. అందుచేత ఆలస్యంగా వేసిన టీకా కొత్తగా నేర్పేది తక్కువని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెప్పే కారణం. బ్రిటన్ మట్టి వేరు, మన మట్టి వేరు. అక్కడ వేలమందిపై రుజువైనది ఇక్కడ రుజువు కావాలంటే ఇక్కడి వేలమంది కావాలి. కుండ మారినప్పుడు మెతుకు మళ్ళీ పట్టి చూడవలసినదే.

మరి టీకాను పారవేసినారా? లేదు. పసిపిల్లలకు మెదడు పొరలకు సోకే క్షయ వంటి ఘోరమైన రూపాల నుండి అది కాపాడుతున్నదని వేరు పరిశోధనలలో తేలినందున నేటికీ పుట్టిన వెంటనే వేస్తున్నారు. పెద్ద పరీక్ష టీకాను చంపలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు అన్న హద్దు గీసి ఇచ్చింది.

ఇదంతా విన్న తరువాత మా మేనల్లునితో మాట్లాడినాను. వాడు వెంటనే ఒప్పుకొనలేదు. చాలసేపు ఊరకుండి, ఒక్క మాట అన్నాడు.

"అయితే పెద్ద పరీక్ష అయ్యేదాంక అమ్మ ఆగుతదా మామా?"

ఈ ప్రశ్నకు శాస్త్రంలో జవాబు లేదు. నలుబది మందిపై చేసినదానిని నాలుగు వేల మందిపై చేయడానికి ఏండ్లు పడుతుంది. ఆ ఏండ్లు మా అక్క దగ్గర లేవు. ఆశను వదలుకొమ్మని కుమారునికి చెప్పే అధికారం నాకు ఎక్కడిది? అయినా ఒక లెక్క వానికి చెప్పినాను. ఆశకు కూడ ధర ఉన్నది. ఆ మాత్రలకు నెలనెలా అయ్యే డబ్బు ఒకటి. అపాయం ఒకటి. అక్క రక్తం పలుచబడడానికి మాత్ర వాడుతున్నది, దానికి ఈ సారం తోడైతే రక్తస్రావం భయం ఉన్నదని వైద్యురాలు చెప్పింది. అన్నింటికంటె పెద్దది మూడవది. ఒక పెట్టె చేతికి వచ్చినాక మనం ఇంక వెదకడం మానివేస్తాము.

ఆ మాత్రలు ఆపించి, వైద్యురాలు చేయవలసిన పరీక్షలు చేయించింది. థైరాయిడ్, బి12 విటమిన్, రక్తపోటు, చక్కెర. చివరకు చెవులు. అక్కకు ఎడమ చెవి దాదాపు వినబడడం లేదని, కుడి చెవి సగమేనని తేలింది. మేము మరపు అనుకొన్నదానిలో కొంత వినికిడి లోపం. వినబడనిదానిని ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతున్నది. మాత్రల డబ్బు వినికిడి యంత్రానికి పోయింది. మరపు పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు. కాని ఇప్పుడు వెనుక నుండి పిలిస్తే పలుకుతున్నది. నన్ను బడి నుండి ఎప్పుడు వచ్చినావని ఇంకా అడుగుతున్నది. మేనల్లుడు ఇప్పుడు తల్లితో ప్రతిరాత్రీ ఫోనులో గట్టిగా అరవకుండానే మాట్లాడుతున్నాడు.

ఇట్లాంటి సందేశాలు మీకూ వస్తుంటాయి. మిరియం, మెంతి, తిప్పతీగ, ఏదో ఒకటి. కొట్టివేయమని నేను అనను. చిన్న పరీక్ష విత్తనం వంటిది. అది లేక పంట లేదు. అయితే విత్తనాన్నే పంట అని అమ్మేవాని వద్ద మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. ఎందరి మీద చూచినారు? వారు మా ఇంటి మనిషి వంటివారేనా? చీట్లు వేసినట్లు పంచి, కొందరికి ఉత్తుత్తిది ఇచ్చి పోల్చినారా? మరొకరు మరొక చోట చేసి చూచినారా? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే ఆ మాట అబద్ధమని కాదు. ఇంకా మెతుకు పట్టి చూడలేదని అర్థం.

క్షయకు కొత్త టీకా ఒకటి రాబోతున్నదని వింటున్నాము. దాని పేరు ఎం72. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియాలలో సుమారు 3,300 మంది పెద్దలను మూడేండ్లు గమనిస్తే, టీకా వేసినవారిలో 13 మందికి, వేయనివారిలో 26 మందికి క్షయ వచ్చింది. సగానికి సగం తగ్గింది. 2019లో ఈ ఫలితం వచ్చినప్పుడు ఎంతో సంబరపడినారు. కాని రెండు జట్లు కలిపితే రోగులు 39 మందే కదా! అందుచేతనే 2024 మార్చిలో, ఇండొనీషియాతో సహా అయిదు దేశాలలో, 20,000 మందిపై మళ్ళీ మొదలుపెట్టినారు. క్షయతో ప్రతి యేటా లోకంలో పది లక్షలకు పైగా మరణిస్తున్న వేళ, ఆశ చేతిలో ఉండి కూడ ఆగి చూస్తున్నారు. మా మేనల్లుడు అడిగిన ప్రశ్ననే అక్కడ ఎందరు కొడుకులు అడుగుతున్నారో!

వారికి చెప్పగలిగిన జవాబు ఒక్కటే. ఎవరో ఒకరు ఆగి చూచినారు గనుకనే మనకు ఈమాత్రం తెలిసింది. చెంగల్పట్టు పల్లెలలో రెండు లక్షల అరవై వేల మంది చేయి చాచి సూది వేయించుకొన్నారు. తమకు అందినది టీకాయో, ఉత్తుత్తి నీరో వారికి తెలియదు. ఏండ్ల తరబడి ఇంటికి వచ్చి కఫం అడిగితే ఇచ్చినారు, ఎక్స్‌రేకు రమ్మంటే వచ్చినారు. మదనపల్లి చుట్టుప్రక్కల పదివేల మందీ అంతే. ఆ టీకా తమను కాపాడదని చివరకు తేలింది. తమకు మేలు చేయని ఆ నిజాన్ని వారు మన కోసం తేల్చి ఇచ్చినారు. వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు.